పేరు రాయని నేస్తం

దర్భలు కోసుకురావడానికి మనిషిని పంపానని నరసింగరావు వదినగారితో అన్న మాట దగ్గర మనం పోయిన వారం ఆగాం. ఆ దర్భలు ఎవరికోసమో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

1940లో పెదవలసనుంచి జగన్నాధం, గంగమ్మపేట రేవునుంచి నూకయ్య ఒకే రోజు రంగం ఓడ ఎక్కారు. రంగూన్‌ని ఇక్కడివాళ్ళు రంగమనే అంటారు. ఒకడు నాగలి పట్టినవాడు, ఇంకొకడు వల పట్టినవాడు. కులాలు వేరైనా అమ్మవారి ముందు తమలపాకులు మార్చుకుని నేస్తం కట్టారు. అలా నేస్తం కట్టినవాళ్ళు చచ్చేదాకా ఒకరి పేరొకరు పలకరు. యుద్ధం వచ్చింది. జపానువాడి బాంబులు పడ్డాయి. లక్షలమంది కాలినడకన కొండలు దాటి వచ్చారు. ఈ ఇద్దరూ రాలేదు. పన్నెండేళ్ళు చూసి నూకయ్య భార్య గున్నమ్మ గాజులు తీసేసింది. జగన్నాధం భార్య తాయారు తీయలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటూనే ఉంది.

పదమూడు రోజుల కిందట విశాఖపట్నం ఆసుపత్రినుంచి గున్నమ్మకు ఓ రేకుపెట్టె, ఓ ఉత్తరం వచ్చాయి. మూడేళ్ళ కిందట రంగంనుంచి ఓడలో వచ్చిన కాందిశీకుడు నూకయ్య పక్షవాతంతో పడి ఉన్నాడు, నోట మాట లేదు, శుక్రవారానికి కదిలించవచ్చు, వచ్చి తీసుకెళ్ళండి. పెట్టెలో నల్ల అట్ట పుస్తకం ఒకటి. అందులో రాసినవాడి పేరు లేదు, స్నేహితుడి పేరూ లేదు. అంతటా 'నేను', 'నా నేస్తం'. రోజూ సాయంత్రం పంతులమ్మ నీలవేణి చదివింది, ఆడవాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని విన్నారు. మొదటి రోజే, 'ఆ కొండమీద నా నేస్తాన్ని పోగొట్టుకున్నాను' అన్న వాక్యం దగ్గర తాయారు తల వంచుకుంది. మర్నాడు గున్నమ్మ గాజులు వేసుకుంది.

జగన్నాధం తమ్ముడు నరసింగరావు చెడ్డవాడు కాదు. కోడలికి రెండు కాన్పులు నిలవలేదు, మూడోది ఏడో నెల. నీళ్ళు వదలని పెద్దవాడు ఇంటిమీద ఉన్నాడని పురోహితుడు చెప్పాడు. అమావాస్య శుక్రవారం దర్భబొమ్మ చేసి, దానికి అన్న పేరు పెట్టి, నిప్పు పెట్టాలి. ఆ తరవాత తాయారు బొట్టు చెరిపెయ్యాలి. పుస్తకం అయ్యేదాకా ఆగమని తాయారు అడిగింది, అతను ఆగాడు. బుధవారంతో పుస్తకం అయిపోయింది.

కాని ఆ రాత్రి పుస్తకం తుడిచి గుడ్డలో చుడుతున్న తాయారు వేళ్ళకు ఏదో తగిలింది. మధ్యలో కొన్ని ఆకుల్ని కలిపి దారంతో కుట్టేసి ఉంది.

గురువారం పొద్దున్న బడి గంట కొట్టడానికి ఇంకా గంటన్నర ఉందనగా తాయారు బడి చివరనున్న గది గడప ఎక్కింది. నీలవేణి కిరసనాయిలు స్టౌ మీద టీ కాస్తోంది. బొబ్బిలి పిల్ల. ఉద్యోగానికి ఈ ఊరొచ్చి రెండేళ్ళయింది.

"రా పెద్దమ్మా. టీ తాగుతావా?"

"పుస్తకానికి కుట్లెవులేసేరు?"

గిన్నె దించుతున్న నీలవేణి చెయ్యి ఆగింది. "పాత పుస్తకం కదా. ఆకులూడిపోతుంటే..."

"ఊడిపోయే ఆకుని ఈపుకాడ కుడతారు. ఇది ముందుకాడ కుట్టుంది. నాను అచ్చరాలు సదవలేను గానీ కుట్టు సదవగల్ను పంతులమ్మా."

నీలవేణి స్టౌ ఆర్పేసింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. ఇంక సర్దడానికేమీ లేక మంచంమీద కూర్చుంది.

"ఎనిమిది ఆకులు" అంది. "ఆ కొండమీది ఆకులు. రేపు ఇక్కడిదాకా వస్తామని తెలిసి, ముందు రోజు ఒక్కదాన్నీ చదువుకుందామని తీశాను. మొదటి ఆకు చదివాను. రెండోది తిప్పలేకపోయాను."

"అందికి కుట్టేసినావా?"

"పొరపాటున నీ ముందు తెరుచుకుంటుందేమోనని."

"నా మొగుడి సావుని నువ్వు కుట్టేసినావా?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే నీలవేణి తట్టుకోలేకపోయింది.

"అరవై రెండులో మా అన్న చైనా సరిహద్దుకెళ్ళాడు పెద్దమ్మా. తంతి వచ్చిన రోజు ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మ తల దువ్వుకుంటోంది. నేనే చదివి చెప్పాను. ఆరేళ్ళయింది. ఇప్పటికీ సెలవులకి వెళ్ళి వాకిట్లోంచి 'అమ్మా' అంటే ఉలిక్కిపడుతుంది. నా గొంతంటే భయం ఆవిడకి. ఇంకో ఆడమనిషికి ఆ పని చెయ్యలేను."

తాయారు గడప మీదనుంచి లోపలికొచ్చి మంచం పక్క నేలమీద చతికిలబడింది. పుస్తకం నీలవేణి ఒళ్ళో పెట్టింది.

"మీ యమ్మకి తెలిసింది. ఏ దినమో తెలిసింది, ఏ సోటో తెలిసింది. నాకేటి తెలుసు? ఎండలో పోనాడో వానలో పోనాడో. నీళ్ళడిగేడో నేదో. తల కింద ఎవులైనా సెయ్యెట్టేరో నేదో. రేపు ఆ బొమ్మకి నిప్పెడతారు. దర్బబొమ్మకి మొకముండదు పంతులమ్మా. నాకు మొకం కావాల. సదువు."

నీలవేణి లేచి, పిల్లల పెన్సిళ్ళు చెక్కే బ్లేడు వెతికి తెచ్చింది. కుట్టు తెగుతున్న చప్పుడు తాయారుకు వినిపించింది. తరవాత గొంతు.

"'కొండ ఎక్కడం మొదలెట్టి నాలుగు రోజులైంది. తెల్లదొరలకు వేరే దారి ఉంది, ఆ దారిలో నీళ్ళ పీపాలున్నాయట. మాకు పశువుల దారి. వెదురుపొదల పక్క మనుషులు కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే తప్ప బతికున్నారో లేదో తెలిసేది కాదు. నేను దగ్గరికెళ్ళడం మానేశాను. నా నేస్తం జ్వరంతో నడవలేక నా వీపుమీద ఉన్నాడు. ఏడో రోజుకి తేలికైపోయాడు. బరువు తగ్గిందని నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.'"

తాయారు కళ్ళు మూసుకుంది. వరిమోపుని ఒక్క ఊపున నెత్తికెత్తుకునే మనిషి. ఆ మనిషి మరొకడి వీపుమీద తేలిపోయాడు. ఏడుపు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళనుంచి ఆకలిగా ఉన్న మనిషికి పాచి మెతుకు దొరికినట్టు, ఆ నాలుగు ముక్కలూ లోపలికి తీసుకుంది.

"ఆపనా పెద్దమ్మా?"

"సదువు."

"'ఆ రాత్రి నేస్తం, తిండి కబురొకటి సెప్పు, కడుపు నిండినట్టుంటాది, అన్నాడు. ఎండుచేపల పులుసు, చోడి అంబలి, పెళ్ళి బూరెలు అన్నీ అంతకుముందే అయిపోయాయి. ఎవరికీ చెప్పనిది ఒకటి మిగిలింది. అది చెప్పాను.

"'పెళ్ళైన మొదటి ఏడు. అమ్మవారికి మొక్కిన పనసపండు అటకమీద మాగుతోంది. ఇల్లంతా దాని వాసనే. మా అమ్మ సంతకెళ్ళిన పూట మా ఇంటిది నావైపు చూసి అటకవైపు చూసింది. నోరు తెరిచి అడగలేదు. ఇద్దరం దాన్ని పశువులశాల వెనక్కి మోసుకుపోయాం. కత్తిపీట జారి ఆవిడ ఎడమచేతి చిటికెనవేలు కణుపుదాకా తెగింది. నేను పంచె అంచు చింపి కట్టాను. కడుతుంటే కుడిచేత్తో తొనలు తింటూనే ఉంది. గింజలు పెంటకుప్పలో పూడ్చాం. పండుని కోతి ఎత్తుకుపోయిందని, వేలికి గడ్డి కొడవలి తగిలిందని అమ్మకు చెప్పాం. నేస్తం నవ్వాడు. వారంరోజుల్లో ఆ ఒక్కసారే...'"

"ఆగు" అంది తాయారు.

నీలవేణి ఆగింది. కిటికీ బయట ఊడ్పులకు పోతున్న ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ దాటిపోయారు. తాయారు ఎడమచెయ్యి కొంగులో ఎప్పుడు దాచుకుందో ఆమెకే తెలియదు.

"ఈ పనసపండు కబురు సెప్పిందెవులు?"

"రాసినాయనే. నూకయ్యగారు. నేస్తానికి చెప్తున్నాడు."

"నేస్తం సెప్తన్నాడా, ఇంటన్నాడా? సరిగ్గా సూసి సెప్పు."

"వింటున్నాడు. చెప్తున్నది 'నేను'."

"పంచె సింపిందెవులు?"

"'నేను పంచె అంచు చింపి కట్టాను' అని ఉంది."

తాయారు కొంగులోంచి చెయ్యి తీసి తెరిచిన పుస్తకంమీద పెట్టింది. చిటికెనవేలు మొదటి కణుపు దగ్గర తెల్లటి గీత, వేలు చుట్టూ దారం చుట్టినట్టు. గోరు వంకరగా పెరిగింది.

నీలవేణి ఆ వేలిని చూసింది. పుస్తకాన్ని చూసింది. "ఇది కొడవలి దెబ్బ అని..."

"ఊరందరికీ కొడవలే. మాయత్త సచ్చేదాకా ఆ కోతిని తిట్టింది."

"మీ ఆయన ఈ కబురు నూకయ్యగారికి చెప్పి ఉండొచ్చు కదా. ఆయనేమో..."

"ఇంకొకడి కబురుని ఎవుడైనా నాను, మా ఇంటిది అని రాస్తాడా? ముందుకి సదువు. బేగి."

నీలవేణి గొంతు ఇప్పుడు వేరేగా ఉంది. పరీక్ష ఫలితాలు చదివేవాళ్ళ గొంతు.

"'నేస్తం మొలతాడుకు కట్టుకున్న చీటీ విప్పాడు. సూదిమందు వేయించుకున్నట్టు దొరలిచ్చిన చీటీ. అది లేనివాణ్ణి కనుమ దాటనివ్వడం లేదు. నా వంతు వచ్చేసరికి మందు అయిపోయిందని తిప్పి పంపేశారు. ఇందులో నా పేరుంది, కనుమ దాటేదాకా నువ్వే నేను, అన్నాడు. దాటేక రేవుకెళ్ళి మా ఇంటిదానికి ఒక మాట సెప్పు. ఎదురు సూడొద్దను. మాలో మారుమనువు తప్పు కాదు, సేసుకోమను. సిన్నపిల్ల, ఒంటిగా ఉండలేదు, అన్నాడు. తెల్లారేసరికి నేస్తం లేడు. చేతుల్తో తవ్వాను. రాయి తగిలింది. ఆకులు కప్పాను. నేను కనుమ చేరేసరికి దారి మూసేశారు. వెనక్కి వస్తుంటే జపాను సిపాయిలు పట్టుకుని రైలుకట్ట పనికి తోలారు. జాబితా రాసేవాడు చీటీలో ఉన్న పేరు రాసుకున్నాడు. ఆ రోజునుంచి నన్నందరూ ఆ పేరుతోనే పిలిచారు.'"

ఈ చివరి వాక్యం ఇద్దరూ ముందే విన్నదే. కుట్టు తరవాతి ఆకులో మొదటి వాక్యం అది. బుధవారానికి రెండ్రోజుల ముందు నీలవేణి అది చదివినప్పుడు, ఏ రోజనీ, ఏ పేరనీ ఒక్కరూ అడగలేదు.

"ఇంకా నాలుగు వరసలున్నాయి. పక్క ఖాళీలో అడ్డంగా రాశాడు. వేరే సిరా" అంది నీలవేణి.

"సదువు."

"'ఓడ దిగి మూడేళ్ళయింది. కోటబొమ్మాళికి రెండుసార్లు టిక్కెట్టు కొన్నాను. ఒకసారి తిలారుదాకా వెళ్ళాను. ఇంటికి వెళితే రేవుకీ వెళ్ళాలి. ఇరవై ఏళ్ళు ఆలస్యం చేసిన మాట ఆ మనిషికి ఎలా చెప్పను? ఆవిడ గాజులు తీసేసి ఒంటరిగా ఉందని మా బస్తీలో ఒకతను చెప్పాడు. తిలారులో దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీద కూర్చుని, సాయంత్రం బండికి తిరిగొచ్చాను.'"

తిలారు.

పెదవలసకు రైలు దిగే కోటబొమ్మాళికి ఇవతల రెండో స్టేషను. అంత దగ్గర. తాయారు ఆ రోజు ఏం చేస్తూ ఉండి ఉంటుంది? పిడకలు కొడుతూ ఉందా, చోళ్ళు విసురుతూ ఉందా? ఆ పూట ఏదైనా ఉలికిపాటు కలిగిందా, కన్ను అదిరిందా, పాలు పొంగాయా? ఏమీ జరగలేదు. మామూలు రోజు. మధ్యాహ్నం బండి కూత విని ఒంటిగంటయిందనుకుని అన్నం వార్చి ఉంటుంది. రంగంనుంచి ఇరవై ఏళ్ళ దూరం దాటి వచ్చిన మనిషి చివరి రెండు స్టేషన్లూ దాటలేకపోయాడు.

"బతికున్నాడు పెద్దమ్మా" అంది నీలవేణి. ఆమె ఏడుస్తోంది. "మీ ఆయన బతికే ఉన్నాడు. రేపు ఆ బొమ్మ... నేను ఇప్పుడే వెళ్ళి మీ మరిదిగారికి చెప్తాను."

తాయారు ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎవులికీ సెప్పకు."

"అదేమిటి?"

"గున్న ఇయ్యాల మజ్జాన్నం బండికి ఎల్తన్నాది, మొగుణ్ణి తెచ్చుకోడానికి. సేతినిండా గాజులేసుకుని. నువ్వెల్లి నా మరిదికి సెప్పితే గంటలో రేవంతా తెలుస్తాది. నడిరోడ్డుమీద ఎవులో దానికి సెప్తారు, నీ మొగుడు సచ్చి ఇరవయ్యారేళ్ళయిందే అని. రెండోసారి గాజులు తియ్యాల అది. దానికి నానే సెప్తాను. ఆడు మొయ్యలేకపోయిన మాట నాను మోస్తాను."

పుస్తకం గుడ్డలో చుట్టుకుని లేచింది.

ఇంటికొచ్చేసరికి అరుగుమీద గున్నమ్మ కూర్చుని ఉంది. నలభై నాలుగేళ్ళ మనిషి, ఎండకు నల్లబడిన మొహం, ఎండుచేపల గంప మోసి మోసి నిటారుగా నిలిచిన మెడ. పక్కన చేతిసంచి. రెండు చేతులా ఆకుపచ్చ గాజులు. ఆమె కదిలినప్పుడల్లా అవి గలగలమంటున్నాయి, ఆ చప్పుడుకోసమే ఆమె కాస్త ఎక్కువ కదులుతోంది. లోపల వసారాలో నరసింగరావు దర్భకట్టలు నీడలో ఆరబెడుతున్నాడు.

"ఎక్కడికి పోనావప్పా?" అంది గున్నమ్మ. అక్కని ఇక్కడివాళ్ళు అప్పా అంటారు. "బండి యేళైపోతంది. బొట్టెట్టి పంపుతావని వొచ్చేను. మంచి పనికి ఎల్తన్నాను కదా, ముత్తైదువ సేత పెట్టించుకోవాల. రేపటికి నీ సెయ్యి పనికి రాదు. అందికే ఇయ్యాల."

ఆమె మనసులో కల్మషం లేదు. రేవుమనిషి, మాట ఎప్పుడూ అంతే.

తాయారు లోపలికెళ్ళి కుంకుమభరిణె తెచ్చింది. గున్నమ్మ నుదురు చాచింది. చెమటతో తడిగా ఉంది. పద్నాలుగేళ్ళు బోడిగా ఉన్న నుదుటిమీద పన్నెండు రోజుల బొట్టుమచ్చ ఎర్రగా ఉంది. ఈ బొట్టు నాది అనిపించింది తాయారుకు ఒక్క క్షణం. వెంటనే, ఆయన బతికింది దీని మొగుడి పేరుతో కదా, ఇన్నేళ్ళూ నా నుదుటిమీద ఉన్నది దీని బొట్టేనా అనిపించింది. బొట్టు పెట్టింది. పెద్దదిగా పెట్టింది.

"నానూ వస్తాను" అంది.

గున్నమ్మ తలెత్తింది. లోపలినుంచి నరసింగరావు వచ్చేశాడు.

"ఎక్కడికొదినా? రేపు పది గంటలకి పెట్టుకున్నాం. పురోహితుడికి చెప్పేశాను. నువ్వు లేకపోతే ఎలగ?"

"మాట పడిపోయిన మనిసిని ఇదొక్కత్తీ బండెక్కించి తేగల్దా? ఒక్క దినం ఆపు నరసింగా."

"అమావాస్య నా మాట వింటాదా?" అన్నాడతను. గొంతు తగ్గించాడు. "ఇరవయ్యేళ్ళు నిన్ను ఒక్క మాటన్నానా? మా యమ్మ పోతూ పోతూ అడిగినా, వొదిన మనసు ఒప్పినప్పుడే అన్నాను. ఇప్పుడు లోపల ఆ పిల్ల కడుపుమీద చెయ్యేసుకుని పడుకుంది. రాత్రి కదలిక తెలీలేదంటాది. నేనాగలేను. నువ్వున్నా లేకపోయినా పది గంటలకి నిప్పెట్టేస్తాను."

తాయారు నోటిదాకా వచ్చింది మాట. ఎదురుగా గున్నమ్మ సంచి భుజాన వేసుకుంటోంది, గాజులు చప్పుడు చేస్తున్నాయి. తాయారు మాట మింగేసింది. చెప్పుల్లేకుండానే అరుగు దిగింది.

పాసింజరు అరగంట ఆలస్యంగా వచ్చింది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన ఎదురెదురుగా చోటు దొరికింది. హరిశ్చంద్రపురం దాటింది. తిలారు వచ్చింది. తాయారు కిటికీ ఊచల్లోంచి అవతలి ప్లాట్‌ఫారం చూసింది. సిమెంటు బెంచీ ఒకటుంది. దానిమీద ఎవరో ముసలావిడ బీరకాయలు పరుచుకుని కూర్చుంది. బండి కదిలేదాకా తాయారు ఆ బెంచీనే చూసింది. ఆ బెంచీమీద ఒక సాయంత్రం దాకా కూర్చున్న మనిషి ఏ వైపు తిరిగి కూర్చున్నాడో, అదొక్కటి తెలిస్తే చాలనిపించింది.

గున్నమ్మ ఆగకుండా మాట్లాడుతోంది. ఆసుపత్రిలో జావ పోస్తారంట, ఉప్పుండదంట. వంజరం ముక్కలు ఎండబెట్టి ఉంచిందంట. మంచం వాకిట్లో వేస్తే సముద్రం గాలి తగిలి చెయ్యి కదులుతుందని ఎవరో చెప్పారంట.

ఆమదాలవలసలో చెబుదామనుకుంది తాయారు. అక్కడ పెట్టెనిండా జనం ఎక్కారు. పొందూరులో చెబుదామనుకుంది. అక్కడ గున్నమ్మ సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి చూపించింది, మొగుడికోసం కొన్నదట. చీపురుపల్లి దాటాక జనం పలచబడ్డారు. విజయనగరంలో చెప్పకపోతే ఇంక ఆసుపత్రి గుమ్మంలోనే.

"గున్నా" అంది. "నీకో మాట సెప్పాల. ఈ పుస్తకంలో పంతులమ్మ సదవకుండా ఒదిలేసిన ఆకులున్నాయి."

"ఓడ మాటేనా?" అంది గున్నమ్మ.

"ఏ ఓడ?"

గున్నమ్మ తువ్వాలు మడత మీద మడత పెట్టింది. సంచిలో పెట్టలేదు, ఒళ్ళో ఉంచుకుంది.

"మొదటి దినం సదివింది కదా. రంగం ఓడ ఎక్కి మూడు దినాలు కక్కుకున్నానని రాసేడు. మీరందరూ నవ్వేరు. నాను నవ్వలేదు, నువ్వు సూడలేదు. మావోడు తెప్పమీద పుట్టేడప్పా. గాలివానలో తెప్పమీద కూకుని అంబలి తాగిన మనిసి. ఓడెక్కి కక్కుకుంటాడా? సముద్రం పడనోడు మెట్టూరోడు. మీ వోడు."

తాయారు కిటికీ ఊచ పట్టుకుంది. ఇన్ని గంటలు గుండెమీద మోస్తున్న బండరాయి అవతలి మనిషి ఒళ్ళో పన్నెండు రోజులుగా ఉంది.

"తెలిసి గాజులేసుకున్నావా?"

"ఏసుకున్నాను."

"ఏలా?"

"నీకు తెలీదు. నువ్వు తియ్యలేదు కదా." గున్నమ్మ కిటికీవైపు చూస్తూ చెబుతోంది. "పద్నాలుగేళ్ళు సంతలో నన్నెవులూ మీ ఆయనెలగున్నాడే అనడగలేదు. పన్నెండు దినాలై అందరూ అడగతన్నారు. బస్సు కండట్రూ అడిగేడు. అడిగినప్పుడల్లా బాగున్నాడు అన్నాను. అంటే నిజంగా బాగున్నట్టే ఉండేది."

"నాను దర్బబొమ్మకి సిద్దమవుతంటే సూస్తూ కూకున్నావు."

"సూసేను. రోజూ సెప్పేద్దామనే వొచ్చేదాన్ని. నీ అరుగెక్కేసరికి నోరు రాలేదు. పొద్దున్న నువ్వు బొట్టెట్టినప్పుడు నీ మొకం సూసేను. నీకూ తెలిసిపోనాదనుకున్నాను. తెలిసీ పెద్ద బొట్టెట్టేవు."

తాయారుకు కోపం రావలసింది. వచ్చింది కూడా. కాని దానికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి గొంతులో ఉంది, అది తనది కాదు, దాచుకునే హక్కు లేదు. రేవుమనిషి చనిపోతూ పంపిన మాటని ఉన్నదున్నట్టు చెప్పింది. ఎదురు చూడొద్దన్నాడు. మారుమనువు చేసుకోమన్నాడు. ఒంటిగా ఉండలేవన్నాడు.

గున్నమ్మ కొత్త తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"ఏ ఏడు సెప్పేడు?"

"నలబై రెండు."

"నాకు పద్దెనిమిది అప్పుడు." ఆమె వేళ్ళమీద ఏదో లెక్కపెట్టబోయి మానేసింది. "మా మేనబావ నలబై ఆరుదాకా ఆగేడు నా కోసం. ఆ ఏడే ఇంకో దాన్ని సేసుకున్నాడు. ఈ మాట ఒక్క కార్డుముక్కమీద రాసి పడేస్తే... మూడేళ్ళై ఇదే దేశంలో ఉండి, రాయగలిగిన సెయ్యి ఉండి?"

"తిలారుదాకా వొచ్చేడంట. నీకు మొకం సూపించలేక ఎనక్కెల్లిపోనాడంట."

"నా మీద పెట్టేడా అదీనూ?"

బండి నెమ్మదించింది. విజయనగరం సిగ్నలు దగ్గర ఆగి కూత వేసింది. గున్నమ్మ నడుందగ్గర దోపుకున్న ఆసుపత్రి ఉత్తరం తీసి, మడత విప్పి, చదువు రాని కళ్ళతో దానివంక చూసింది. నీలి సిరాతో పేరు రాసిన చోటు ఆమెకు తెలుసు. ఎవరిచేతో చూపించుకుని గుర్తుపెట్టుకుంది. ఆ చోటుమీద బొటనవేలు ఆనించింది.

"మనిసి నీవోడప్పా. నాను కాదన్ను" అంది. "ఈ కాయితంలో ఉన్న పేరు మాత్రం మావోడిది. ఆస్పత్రోలు మొకాలు సూసి ఇవ్వరు, పేరు సూసి ఇస్తారు. రేపు పది గంటలకి ఏలిముద్ర నన్నే ఎయ్యమంటారు. ఏసి నీకప్పగించాల్నో, ఏసి నా రేవుకే తోలుకుపోవాల్నో, నాకింకా తెలీదు."

ఉత్తరం మడిచి మళ్ళీ నడుం దగ్గర దోపుకుంది.